గ్యాస్ బట్టీలో ప్రెషర్: సిలిండర్ దగ్గర్నుంచి బర్నర్ దాకా

కుండలు కాల్చే గ్యాస్ బట్టీ అనగానే అందరూ భయపడేది ప్రెషర్ ఎక్కువైపోతుందని. ఆ భయం మంచిదే. కానీ ప్రెషర్ ఎక్కువైనప్పుడు మంట గర్జిస్తుంది, చూసేవాళ్లకు తెలిసిపోతుంది. తక్కువైనప్పుడు మంట చప్పుడు చేయకుండా ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. తర్వాత ఎవరో లైటర్ వెలిగిస్తారు. బట్టీ తలుపు ఊడి పడేది అప్పుడే. అందుకే కింది హద్దు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కాల్పు మొదలుపెట్టే అరగంట, ఆరిన మంటను మళ్లీ వెలిగించే ఆ రెండు నిమిషాలు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన సమయాలు.

కింద చెప్పే లెక్కలన్నీ ఒకే రకం బట్టీకి. లోపలి కొలత 2 అడుగులు, 2 అడుగులు, రెండున్నర అడుగులు, అంటే 10 ఘనపుటడుగులు. బ్లోయర్ లేకుండా, గ్యాస్ వేగంతోనే గాలిని లాక్కునే రెండు వెంచురీ బర్నర్లు, ఒక్కోదానికి 1.5 మి.మీ. జెట్, అంటే గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రం. మంట పైకి లేచి, కిందికి దిగి, నేల దగ్గర్నుంచి చిమ్నీలోకి పోయే డౌన్‌డ్రాఫ్ట్ కట్టుబడి. మీ బట్టీ పెద్దదైనా చిన్నదైనా అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు చోటు చూసుకోండి

ఎల్‌పీజీ ఆవిరి గాలికంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకి పల్లానికి చేరుతుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య కలిసి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. 1997 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున విశాఖ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ ఇలాగే పరుచుకుని అంటుకుంది, 60 మంది దాకా చనిపోయారు. మనది నాలుగు సిలిండర్ల వ్యవహారమే అయినా గ్యాస్ స్వభావం అదే.

కుండలు చేసే చోట పల్లం తప్పకుండా ఉంటుంది. మట్టి నానబెట్టే గుంట, గ్లేజ్ (కుండల మీది గాజుపూత) కడిగిన నీళ్లు పోయే తూము, డౌన్‌డ్రాఫ్ట్ బట్టీ అడుగున ఉండే పొగదారి, ఇవన్నీ గ్యాస్ దాక్కునే చోట్లే. సిలిండర్లు షెడ్డు బయట, నిలువుగా, నేల మట్టానికి తగ్గని గట్టు మీద పెట్టండి. బట్టీకీ, గుంటకీ, తూముకీ కనీసం 3 మీటర్ల దూరం ఉంచండి. పైన నీడకి రేకు ఉండాలి, చుట్టూ గోడలు ఉండకూడదు. గొలుసు వేసి కదలకుండా కట్టండి. సిలిండర్‌ని ఎప్పుడూ పడుకోబెట్టకండి. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవం వస్తుంది, ఆ ద్రవం ఆవిరైతే సుమారు 250 ఇంతలు అవుతుంది. దాన్ని ఆపేందుకు మన రెగ్యులేటర్ చేసింది కాదు.

ఇంటి 14.2 కిలోల సిలిండర్ బట్టీకి వాడటం చట్టరీత్యా నేరం, 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే తీసుకోండి. లైసెన్సు లేకుండా ఒక చోట 100 కిలోల వరకే ఎల్‌పీజీ ఉంచుకోవచ్చు. మానిఫోల్డుకి (సిలిండర్లన్నిటినీ కలిపే పైపు) నాలుగు, పక్కన స్పేరు ఒకటి, మొత్తం అయిదు సిలిండర్లు 95 కిలోలు. ఆరోది తెస్తే హద్దు దాటినట్టే, ఖాళీ అయిందని ఒకదాన్ని తిరిగి పంపాకే ఇంకోటి తెప్పించుకోవాలి. 47.5 కిలోల సిలిండర్లలో లిక్విడ్ ఆఫ్‌టేక్ రకం ఉంటుంది, దాన్లోంచి ద్రవమే బయటికి వస్తుంది. ద్రవాన్ని ఆవిరి చేసే వేపరైజర్ లేకుండా అది మన లైనుకి ఎక్కకూడదు. డెలివరీ కుర్రాడు ఏది తెచ్చినా, తగిలించే ముందు వాల్వ్ చూసి అడిగి తెలుసుకోండి.

సిలిండర్ మెడ దగ్గరున్న పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, దాని పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబర్, డీ అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. మళ్లీ టెస్టు చేయించాల్సిన గడువు అది. గడువు దాటినదాన్ని తిప్పి పంపేయండి. వాల్వ్ మూత తీసి లోపలి రబ్బరు వాషర్ కూడా చూడండి. చీలినా, లేకపోయినా ఆ సిలిండర్ కాల్పుకి పనికిరాదు.

ఎన్ని సిలిండర్లు, ఎందుకు

సిలిండర్ లోపలి ప్రెషర్ గ్యాస్ ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉండదు, వేడిని బట్టీ, ప్రొపేన్ బ్యూటేన్ పాళ్లను బట్టీ ఉంటుంది. 30 డిగ్రీల ఎండలో మనకొచ్చే మిశ్రమానికి సుమారు 5, 6 బార్ (ప్రెషర్ కొలత, 1 బార్ అంటే 1000 మిల్లీబార్) ఉంటుందనుకోండి. డిసెంబర్ తెల్లవారుజామున అదే సిలిండర్‌లో బాగా తగ్గుతుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, కిలోకి దాదాపు 90 నుంచి 100 కిలోకేలరీలు. ఆ వేడిని సిలిండర్ రేకు చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. మీరు దానికి అందేకంటే వేగంగా లాగితే ద్రవం చల్లబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది కంటికి కనిపిస్తుంది. ముందు సిలిండర్ కింది భాగానికి చెమట పడుతుంది. ఆ చెమట ఎక్కడ ఆగిందో లోపలి ద్రవం మట్టం అక్కడ ఉందని అర్థం. ఇంకా లాగితే చెమట తెల్లటి మంచుపొరగా మారుతుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. చెమట దాకా ఫరవాలేదు. మంచు కనిపించిందంటే సిలిండర్లు చాలడం లేదు. ప్రొపేన్ ముందు ఆవిరైపోతుంది, అడుగున బ్యూటేన్ ఎక్కువ మిగులుతుంది, కాబట్టి సగం కంటే తక్కువున్న సిలిండర్ మరింత నీరసంగా ఇస్తుంది. పైగా తడిసిన రేకు వైశాల్యం కూడా తగ్గిపోయి ఉంటుంది.

ఒక 19 కిలోల సిలిండర్ నుంచి గంటకు ముప్పాతిక కిలో లెక్క వేసుకోండి. మన బట్టీ ఆఖరి గంటల్లో గంటకు 3 కిలోల దాకా తాగుతుంది. అంటే నాలుగు సిలిండర్లు. మూడింటితో నెట్టుకొద్దాం అనుకునేవాళ్లకు 1200 డిగ్రీల దగ్గర వేడి ఎక్కడం ఆగిపోతుంది, అప్పుడు వాళ్ల చేయి వేడినీళ్ల బకెట్ వైపు వెళ్తుంది. సిలిండర్ మీద వేడినీళ్లు పోయకండి, పక్కన హీటర్ పెట్టకండి, తడి గోనె చుట్టి కింద పొయ్యి పెట్టడం లాంటివి అసలు తలపెట్టకండి. మందు ఒక్కటే, కాల్పుకి ముందే ఇంకో సిలిండర్ తగిలించడం.

గ్లేజ్ కాల్పు మొదలుపెట్టే ముందు నాలుగింటినీ కాటా మీద తూచండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే గుద్ది ఉంటుంది, తీసివేస్తే గ్యాస్ ఎంతుందో తెలుస్తుంది. ఒక్కోదాంట్లో 10 కిలోలకు తగ్గితే అవి బిస్క్ కాల్పుకి, అంటే గ్లేజ్ పూయకముందు చేసే మొదటి కాల్పుకి, వాడండి. 1000 డిగ్రీల దగ్గర ఆగే కాల్పుకి అవి సరిపోతాయి.

లైను కట్టడం

వరస ఇలా ఉండాలి: సిలిండర్ వాల్వ్, హై ప్రెషర్ అడాప్టర్, పిగ్‌టెయిల్ (సిలిండర్‌ని మానిఫోల్డుకి కలిపే వంగే గొట్టం), గ్యాస్‌ని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్, మానిఫోల్డు పైపు, బాల్ వాల్వ్, మొదటి రెగ్యులేటర్, బట్టీ దాకా పైపు, ఇంకో బాల్ వాల్వ్, రెండో రెగ్యులేటర్, గేజ్, ఆ తర్వాత ఒక్కో బర్నర్‌కి మంట ఆరితే మూసుకునే సేఫ్టీ వాల్వ్, చివర గ్యాస్‌ని సన్నగా సర్దుకునే నీడిల్ వాల్వ్.

రెండు రెగ్యులేటర్లు ఎందుకని చాలామంది అడుగుతారు. ఒక్కటే పెడితే తెల్లవారుజామున 3 బార్, మధ్యాహ్నం 6 బార్ వచ్చే సిలిండర్ ప్రెషర్‌ని అది నేరుగా 20 మిల్లీబార్‌కి దించాలి. వచ్చేది మారినప్పుడల్లా పోయేదీ కొంత మారుతుంది. మొదటిది 1 బార్ దగ్గర ఆపితే రెండోదానికి ఎప్పుడూ ఒకేలాంటి గ్యాస్ అందుతుంది. రెండోది 0 నుంచి 400 మిల్లీబార్ దాకా తిప్పుకునేది, ప్రెషర్ మితిమీరితే తనంతట తాను మూసుకునే ఏర్పాటున్నది తీసుకోండి. ఇంటి స్టవ్ రెగ్యులేటర్ దీనికి పనికిరాదు. అది 30 మిల్లీబార్ దగ్గర బిగించి ఉంటుంది, గంటకు కిలో దాటి ఇవ్వలేదు.

గేజ్ దగ్గర చాలామంది తప్పుతారు. విశాఖ ఆటోనగర్‌లోనో పూర్ణా మార్కెట్ దగ్గరి హార్డ్‌వేర్ షాపుల్లోనో గేజ్ అడిగితే 0 నుంచి 7 కిలోలదో, 0 నుంచి 4 కిలోలదో చేతిలో పెడతారు. ఇక్కడ కిలో అంటే బరువు కాదు, చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున ప్రెషర్. మన బట్టీ పని చేసేదంతా 200 మిల్లీబార్ లోపల, అంటే కిలోలో అయిదో వంతు. ఆ గేజ్ మీద ముల్లు సున్నా పక్కనే వణుకుతూ ఉంటుంది, ఏమీ తెలియదు. తక్కువ ప్రెషర్ చూపే 0 నుంచి 400 మిల్లీబార్ క్యాప్సూల్ గేజ్ అని అడగండి. మీరు ఎక్కువసేపు ఉండే ప్రెషర్ గేజ్ నడిమధ్యన పడాలి. కొలతలు కలగాపులగం కాకుండా ఈ మూడూ గోడ మీద రాసి పెట్టుకోండి: 1 పీఎస్‌ఐ అంటే 69 మిల్లీబార్, 1 కిలో అంటే 980 మిల్లీబార్, 10 మిల్లీబార్ అంటే 10 సెంటీమీటర్ల నీటి మట్టం.

పైపు సీమ్‌లెస్ స్టీలుది గానీ రాగిది గానీ వేయండి. మరల మీద గ్యాస్ కోసం చేసిన మందపాటి టేప్ చుట్టండి, కుళాయికి చుట్టే పల్చటి తెల్ల టేప్ వద్దు. మొదటి రెండు మరలు వదిలేసి చుట్టండి. లేకపోతే టేప్ తునకలు లోపలికి పోయి జెట్‌లో ఇరుక్కుంటాయి. గొట్టాలు ఐఎస్ 9573 గుర్తున్నవి, మీటరు మించకుండా, బట్టీ గోడ వేడి తగలని చోట మాత్రమే. గాజువాక, మల్కాపురం, భీమిలి లాంటి ఉప్పుగాలి తగిలే చోట గొట్టం మీద రాసిన గడువు దాకా ఆగకండి, రెండేళ్లకోసారి మార్చేయండి. ఉక్కు అల్లిక పైకి మెరుస్తున్నా, ఫిట్టింగ్ దగ్గర నొక్కు వేసిన చోట లోపల తుప్పు తింటుంది.

రెగ్యులేటర్‌కి గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. అది కిందికి చూసేలా బిగించి సన్నని జాలీ కట్టండి. వానాకాలంలో మట్టిగూడు కట్టే కందిరీగలకు ఆ రంధ్రమంటే ఇష్టం. రంధ్రం మూసుకుపోతే లోపలి డయాఫ్రం (ప్రెషర్‌కి కదిలే పల్చటి పొర) కదలదు, ప్రెషర్ మీ మాట వినదు. అలాగే కాల్పుకీ కాల్పుకీ మధ్య నెల దాటితే వెంచురీ గొట్టంలో సాలెగూడు ఉందేమో టార్చిలైటు వేసి చూడండి. పల్చటి సాలెగూడు చాలు, గాలి అందక మంట పసుపురంగులోకి మారడానికి.

లీకు పరీక్ష, లాకప్ పరీక్ష

ప్రతి కాల్పుకి ముందు లీకు చూడాలి. లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నురగ తగ్గే దాకా ఆగండి. బర్నర్ వాల్వులన్నీ మూసి, సిలిండర్ తెరిచి, ప్రతి జాయింటు మీద బ్రష్‌తో పూయండి. ఒక్కో జాయింటు దగ్గర నిమిషం నిలబడండి. పెద్ద లీకుకి బుడగ వెంటనే లేస్తుంది, చిన్నదానికి ఆవగింజంత బుడగలు ఒకదాని పక్కన ఒకటి నెమ్మదిగా పుడతాయి. రెండోదాన్నే తొందరలో వదిలేస్తారు. తర్వాత తడిగుడ్డతో సబ్బు తుడిచేయండి, ఉప్పుగాలికి సబ్బు తోడైతే తుప్పు తొందరగా పడుతుంది. అగ్గిపుల్లతో లీకు వెతకడం అనే మాట మీ షెడ్డులో వినపడకూడదు.

ఆ తర్వాత నిలవ పరీక్ష. రెండో రెగ్యులేటర్‌ని 200 దగ్గర పెట్టి, దాని ముందున్న బాల్ వాల్వ్ మూసి, 15 నిమిషాలు ఆగండి. ముల్లు కదలకూడదు. ఎండ పైపు మీద పడుతుంటే లోపలి గ్యాస్ వేడెక్కి ముల్లు పైకి జరుగుతుంది, ఆ పెరుగుదల చిన్న లీకుని దాచేస్తుంది. పొద్దు ఎక్కకముందే ఈ పరీక్ష చేయండి.

లాకప్ పరీక్ష ఎక్కువమందికి తెలియదు, తప్పక నేర్చుకోండి. బర్నర్లు వెలుగుతూ గేజ్ 150 మీద ఉన్నప్పుడు బర్నర్ వాల్వులు మూసేయండి. ముల్లు కొంచెం పైకెక్కి, 170 దగ్గరో 180 దగ్గరో ఆగాలి. ఆగితే రెగ్యులేటర్ లోపలి సీటు, అంటే గ్యాస్‌ని మూసే చోటు, బాగుందన్నమాట. ఆగకుండా 200, 220, 250 అంటూ పాకుతుంటే సీటులో చెత్త చేరింది, లేదా అరిగిపోయింది. వెంటనే ముందున్న వాల్వ్ మూయండి. ఆ రెగ్యులేటర్‌ని విప్పి బాగుచేయించే ఆలోచన వద్దు, కొత్తది కొనండి.

ప్రెషరూ గ్యాసూ ఒకటి కావు

జెట్ గుండా పోయే గ్యాస్ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ప్రెషర్ నాలుగింతలు చేస్తే గ్యాస్ రెండింతలే అవుతుంది. 1.5 మి.మీ. జెట్లు రెండింటికీ కలిపి గంటకు సుమారు ఇంత పోతుంది:

30 మిల్లీబార్ దగ్గర 1.2 కిలోలు
60 దగ్గర 1.7 కిలోలు
100 దగ్గర 2.2 కిలోలు
150 దగ్గర 2.7 కిలోలు
200 దగ్గర 3.1 కిలోలు

కింది మెట్ల దగ్గర కొంచెం తిప్పినా గ్యాస్ బాగా మారుతుందనీ, పై మెట్ల దగ్గర ఎంత తిప్పినా పెద్దగా మారదనీ దీన్ని బట్టి అర్థమవుతుంది. కాబట్టి కాల్పు మొదట్లో నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పాలి. చివర్లో వేడి ఎక్కకపోతే నాబ్‌ని తిప్పుతూ పోవడం దండగ, డాంపర్ (చిమ్నీ దారిని మూసి తెరిచే పలక) చూడాలి, సిలిండర్లు చూడాలి. జెట్‌ని డ్రిల్లు పెట్టి పెద్దది చేయాలనిపిస్తుంది కూడా. 1.5 నుంచి 1.7 మి.మీ. చేస్తే గ్యాస్ 28 శాతం పెరుగుతుంది, గొట్టంలోకి వచ్చే గాలి మాత్రం ఆ లెక్కన పెరగదు. మంట పసుపురంగులో, మసితో వస్తుంది. జెట్ మార్చాలంటే బర్నర్ చేసినవాళ్ల సైజు చార్టు చూసి మార్చండి.

మీ బర్నర్ కింది హద్దు మీరే కనుక్కోవాలి. బట్టీ ఖాళీగా, తలుపు తెరిచి ఉన్నప్పుడు ఒక బర్నర్ వెలిగించి 50 నుంచి అయిదేసి మిల్లీబార్ తగ్గిస్తూ రండి. ఒక చోట మంట బర్నర్ ముక్కు వదిలి లోపలికి జారుతుంది. టప్పుమని చిన్న శబ్దం వచ్చి, ఆ తర్వాత గొట్టం లోపల బుసకొడుతున్నట్టు వినపడుతుంది. మంట జెట్ దగ్గరే మండుతోందన్నమాట, రెండు నిమిషాల్లో గొట్టం ఎర్రబడుతుంది. వెంటనే మూసేయండి. ఆ అంకెకి సగం కలిపి మీ కింది హద్దుగా రాసుకోండి. 12 దగ్గర జారితే హద్దు 18. కాల్పులో దాని కిందికి ఎప్పుడూ దిగకండి. ఇంకా తక్కువ వేడి కావాలంటే ఒక బర్నర్ పూర్తిగా ఆపండి, లేదా ఆరబెట్టడానికి విడిగా చిన్న బర్నర్ పెట్టుకోండి. గాలి షట్టర్ కొంచెం మూస్తే మంట ఇంకాస్త తక్కువలో నిలుస్తుంది, కానీ పసుపు కొసలు రాకుండా చూసుకోవాలి.

వెలిగించే వరస

ఈ వరస తప్పకండి, తొందరగా ఉన్నా, వందోసారి వెలిగిస్తున్నా.

1. బట్టీ తలుపు, డాంపర్ రెండూ పూర్తిగా తెరిచి 10 నిమిషాలు వదలండి. డాంపర్ ఒక్కటీ చాలదు. చల్లటి చిమ్నీ గాలిని లాగదు, బరువైన గ్యాస్ బట్టీ అడుగునే కూర్చుంటుంది. ముక్కు నేల దగ్గర పెట్టి వాసన చూడండి.

2. బర్నర్ వాల్వులన్నీ మూసి ఉన్నాయో లేదో చేత్తో తాకి చూడండి. తర్వాత సిలిండర్ వాల్వులు నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే పైపులో దెబ్బ తగిలి రెగ్యులేటర్ సీటు పాడవుతుంది.

3. రెండో రెగ్యులేటర్‌ని కింది హద్దుకి కొంచెం పైన, మన బట్టీకైతే 25 దగ్గర, పెట్టండి.

4. ముందు నిప్పు, తర్వాత గ్యాస్. గ్యాస్ టార్చి మంట బర్నర్ ముక్కు దగ్గర పెట్టి, అప్పుడు వాల్వ్ తెరవండి. పక్కకు నిలబడండి, పోర్టుకి (బట్టీలోకి మంట వెళ్లే రంధ్రం) ఎదురుగా కాదు.

5. అయిదు సెకన్లలో అంటుకోకపోతే మూసేసి మొదటి మెట్టుకి వెళ్లండి. మళ్లీ 10 నిమిషాలు. ఇక్కడ మినహాయింపు లేదు.

6. సేఫ్టీ వాల్వ్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని వదలండి. మంట వేడిని పసిగట్టే థర్మోకపుల్ కొస మంటలో తడవాలి, పక్కన ఉంటే చాలదు.

7. రెండో బర్నర్‌కి కూడా టార్చి పెట్టే వెలిగించండి. మొదటి మంట దాన్ని అంటిస్తుందని గ్యాస్ వదిలి చూడకండి.

8. 15 నిమిషాలు రెండూ నిలకడగా మండాక తలుపు వేయండి.

నెలకోసారి సేఫ్టీ వాల్వ్‌ని పరీక్షించండి. బర్నర్ మండుతుండగా దాని నీడిల్ వాల్వ్ మూసి మంట ఆర్పి, గడియారం చూడండి. నిమిషంలోపు టక్‌మని సేఫ్టీ వాల్వ్ మూసుకున్న శబ్దం రావాలి. రాకపోతే కాల్పు లేదు.

కాల్పు మధ్యలో

మన బట్టీకి గ్లేజ్ కాల్పు ఇలా నడుస్తుంది. మొదటి గంటన్నర ఒకే బర్నర్, 20 మిల్లీబార్, 200 డిగ్రీల దాకా. తర్వాత రెండు గంటలు రెండు బర్నర్లు 30 మీద, 500 దాకా. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్‌జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, ఆ చుట్టుపక్కల ప్రెషర్ పెంచకుండా దాటించండి. ఆ తర్వాత 60 మీద రెండు గంటలు, 900 దాకా. రిడక్షన్ (బట్టీలో గాలి తగ్గించి కాల్చడం) కావాలనుకుంటే అక్కడ డాంపర్ కొంచెం మూసి 100 మీద ఒక గంట. ఆపైన 150 మీద మూడు గంటలు, అవసరమైతే 200, కోన్ 10 (వేడిని కొలవడానికి బట్టీలో పెట్టే చిన్న శంకువు) వంగే దాకా, అంటే సుమారు 1285 డిగ్రీలు. మొత్తం గ్యాస్ 17 కిలోల చుట్టుపక్కల. బిస్క్ కాల్పులో గోడ మందంగా ఉన్న సామాను ఉంటే మొదటి దశ రెండింతలు చేయండి. జూలై, ఆగస్టుల్లో వారం రోజులు ఆరబెట్టిన కుండ కూడా లోపల తడిగానే ఉంటుంది.

రిడక్షన్‌కి ప్రెషర్ పెంచడం అలవాటు చేసుకోకండి. డాంపర్‌తో చేయండి. కింది చూపురంధ్రం నుంచి వేలెడు పొడవు మెత్తటి మంట బయటికి రావాలి. జానెడు మంట, నల్లటి పొగ వస్తుంటే గ్యాస్ దండగ, పైగా కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) షెడ్డులో నిండుతోంది. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మత్తు, వికారం మొదట వస్తాయి. ఒక సీఓ అలారం తల ఎత్తున పెట్టండి. గ్యాస్ లీకు అలారం మాత్రం నేలకి జానెడు ఎత్తున పెట్టాలి. రెండూ పక్కపక్కన బిగిస్తే ఒకటి పనికిరానట్టే. బట్టీ షెడ్డులో నిద్రపోవద్దు.

మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఆ గాలి చిమ్నీ మూతి మీద కొడితే లోపలికి తోస్తుంది, పోర్టులోకి కొడితే మంటను ఆర్పుతుంది. పోర్టుకి రెండడుగుల దూరంలో రేకు అడ్డం పెట్టండి, బర్నర్‌కి గాలి అందేలా. తెల్లవారుజామున 4 గంటలకు వెలిగిస్తే, గాలి బలపడే వేళకి బట్టీ ఎర్రగా ఉంటుంది, మంట తేలిగ్గా ఆరదు. రాత్రంతా మేలుకునే పని కూడా తప్పుతుంది.

మంట ఆరిపోతే ఏం చేయాలో కాల్పుకి ముందే తోటివాళ్లతో మాట్లాడుకోండి. పెద్ద ఫర్నేసుల్లో లోపల 760 డిగ్రీలు దాటితేనే గ్యాస్ దానంతటది అంటుకుంటుందని లెక్క. అంతకంటే తక్కువలో ఆరితే గ్యాస్ మూసి, డాంపర్ పూర్తిగా తెరిచి, 10 నిమిషాలు ఆగి, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి. కుండలు చల్లబడతాయని బాధపడకండి, పది నిమిషాల్లో పెద్దగా ఏమీ కావు. ఎర్రగా ఉన్నప్పుడు ఆరినా ముందు గ్యాస్ మూయండి, ఎందుకు ఆరిందో తెలిశాకే వెలిగించండి. గేజ్ పడిపోయి ఉంటే సిలిండర్ల వైపు, గేజ్ బాగుంటే జెట్ వైపు, రెండూ బాగుంటే గాలి వైపు చూడాలి. ముల్లు నిలకడగా లేక ఊగుతుంటే పైపులో ద్రవమో నీళ్లో చేరి ఉంటాయి. కాల్పు మధ్యలో సిలిండర్ మార్చకండి.

ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వులు మూయండి. పైపులో మిగిలింది మండి మంట తనంతట ఆరుతుంది, అప్పుడు బర్నర్ వాల్వులు మూయండి. ఆ తర్వాతే డాంపర్.

లీకు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, వీలైతే సిలిండర్ వాల్వ్ మూసి, అందరినీ గాలి వచ్చే వైపుకి పంపి, 1906కి ఫోన్ చేయండి. ఫోన్ కూడా దూరంగా వెళ్లాకే. మంట లేస్తే 101 లేదా 112. సిలిండర్ దగ్గర మండుతున్న గ్యాస్‌ని, వాల్వ్ మూయగలిగితే తప్ప, ఆర్పొద్దు. ఆరిన మంట వెనకాల గ్యాస్ పరుచుకుంటుంది. సిలిండర్లకీ బట్టీకీ మధ్య డ్రై కెమికల్ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి, ఇసుక బకెట్లు రెండు ఉంచండి.

ప్రతి కాల్పుకీ ఒక పేజీ పెట్టి, అరగంటకోసారి గేజ్, వేడి, డాంపర్ ఎన్ని అంగుళాలు తెరిచి ఉంది, సిలిండర్‌కి చెమట ఎక్కడ దాకా పట్టింది, రాయండి. 150 మీద గంటకు 80 డిగ్రీలు ఎక్కిన బట్టీ అదే 150 మీద 50కి తగ్గితే పేజీలో కనపడుతుంది. జెట్‌లో మసి చేరి ఉంటుంది, లేదా తలుపు సందు పెరిగి ఉంటుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు బట్టీ వెలిగించకండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ నగరాన్ని తాకినప్పుడు రేకులు ఎలా లేచాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పిగ్‌టెయిళ్లు విప్పి, వాల్వులకు మూతలు బిగించి, సిలిండర్లకు రెండో గొలుసు వేసి, చిమ్నీకి మూత పెట్టండి. తుఫాను పోయాక ఉప్పునీళ్లు తగిలిన ప్రతి జాయింటుకీ మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ 15 నిమిషాల నిలవ పరీక్ష.